సిటీ బస్సులో యుద్ధానికి

పోయిన జనవరిలో పుస్తకాల ఎగ్జిబిషన్‌లో, తెలుగు పుస్తకాలున్న ఒకే ఒక్క స్టాల్లో, నా నవల పక్కన నేను కూడా అమ్మకానికి పెట్టిన వస్తువులాగా కూర్చుని ఉంటే ఒక కుర్రాడు వచ్చాడు. గుంటూరు వైపు మాట. మెడలో కంపెనీ ట్యాగు తియ్యడం మరిచిపోయినట్టున్నాడు. నవల ముందే చదివేసి వచ్చాడట. ఇలాంటివాళ్ళు ఎదురైతే రచయితకు ముందు సంతోషం కలుగుతుంది, ఆ వెంటనే భయం వేస్తుంది. "అంతా బావుంది మేడం. కానీ సిపాయిలు సిటీ బస్సెక్కి, టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని యుద్ధానికి వెళ్ళడం మరీ అతిగా లేదూ? అదొక్కటీ కల్పన అని దొరికిపోతోంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మూడు వందల పేజీల ఆ నవలలో నేను కల్పించనిది ఏదైనా ఉంటే ముందుగా చెప్పుకోవలసింది ఆ బస్సే. ఆ బస్సెక్కిన మనిషి మా మామయ్యే అని చెప్పాను. అతను మర్యాదగా తలూపాడు గానీ సగమే నమ్మాడని మొహంలో తెలిసింది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

మేము మద్రాసు చూలైలో ఎన్ని తరాలుగా ఉన్నామో మాకే సరిగ్గా తెలియదు. మా ఇంట్లో తెలుగు మాట్లాడి, వీధిలోకి వస్తే అరవం మాట్లాడి, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడే వంశం. మా నాన్న మేనత్తను రంగూన్ హార్బర్లో పనిచేసే ఒకాయనకు ఇచ్చారు. ఆవిడ పెళ్ళయిన నెలకే ఓడెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ కొడుకే మా రంగూన్ మామయ్య. అక్కడే పుట్టి, అక్కడి మిషన్ బడిలో చదివి, తండ్రితో పాటు హార్బర్లో పనికి కుదిరి, పెళ్ళాడి, చివరికి మనవాళ్ళనందర్నీ అక్కణ్ణించి పంపించేసిన రోజుల్లో భార్యనూ కూతుర్నీ ఒక రేకు పెట్టెనూ వెంటబెట్టుకుని మద్రాసులో దిగాడు. తొండియార్‌పేటలో కాపురం పెట్టాడు. ఇక్కడి హార్బర్లోనే మళ్ళీ పని చూసుకున్నాడు. పొడుగాటి మనిషి. గళ్ళ లుంగీని బర్మావాళ్ళలాగా బొడ్డు దగ్గర ముడేసి కట్టేవాడు. ఎడమ కాలి ముందు భాగంలో, మోకాలి కింది నుంచి జానెడు పొడుగున, మెరిసే మచ్చ ఒకటి ఉండేది. సెలవుల్లో చూలై పిల్లలమంతా ఆయన ఇంటికి పోయేది ఆ మచ్చ కోసమే.

ఆ మచ్చకు ఒక కథ ఉంది. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు దేశంలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధం మొదలైంది. కరెన్ జాతి వాళ్ళు తిరగబడి, రంగూన్‌కు పది మైళ్ళ దూరంలో ఉన్న ఇన్సేన్ అనే ఊరిని పట్టుకున్నారు. నగరం చేజారిపోయేటట్టుంది. దొరికిన కుర్రాళ్ళ చేతికల్లా తుపాకులిచ్చి దళాలు కట్టారు. మామయ్యకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆయనా, అదే సందులో ఉండే ఆయన జతగాడూ, ఇద్దరూ చేరారు. ఒకనాడు జతగాడికి గుండు తగిలితే మామయ్య అతన్ని భుజాన వేసుకుని పరిగెత్తాడు. అప్పుడే ఈయన కాలికీ గుండు తగిలింది. జతగాడు ఈయన ఒళ్ళోనే, అమ్మ పేరు పిలుస్తూ పోయాడు. కథ ఇక్కడికి వచ్చేసరికి మేమంతా ఏడ్చేవాళ్ళం. ఏడ్చాక మచ్చను ఒకసారి వేలితో ముట్టుకుని చూసేవాళ్ళం. ఆ తర్వాత నేను చదివిన ఏ యుద్ధం కథా నాకు అంతగా ఆనలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు టీచరుగా పనిచేసి, క్లాసులో పిల్లల కంటే బెంచీలు ఎక్కువైపోయిన ఏడాది నేను ఉద్యోగం మానేశాను. ఏం చేస్తావని అందరూ జాలిగా అడిగితే నవల రాస్తానని చెప్పాను. రాయడం చేతనవునన్న విషయంలో నాకెప్పుడూ అనుమానం లేదు. టైము లేదన్నదొక్కటే నా ఇబ్బంది, ఇప్పుడది తీరింది. ఏం రాయాలన్న దాంట్లోనూ అనుమానం లేదు. రంగూన్‌లో ఒక తెలుగు కుర్రాడు, సిపాయి, సొంత ఊరివాళ్ళ మీదే తుపాకీ ఎత్తవలసి వచ్చినవాడు. మా ఆయన, "రంగూన్ చూడకుండా రంగూన్ ఎట్టా రాస్తావు?" అన్నాడు. చూసినవాళ్ళు ఒక్కరూ రాయలేదు కాబట్టి చూడనిదాన్ని నేనే రాయాలి అన్నాను. ఎగ్మూరు లైబ్రరీలో పాత మ్యాపులు తిరగేశాను, ఓడల రాకపోకలు నోటుబుక్కులో ఎక్కించుకున్నాను, ఆరు నెలల్లో రెండు వందల పేజీలు రాసి పారేశాను. రాసింది ఎవరికైనా చదివి వినిపించాలి కదా. మామయ్యకు అప్పటికి ఎనభై దాటాయి. అత్తయ్య పోయి నాలుగేళ్ళయింది. కూతురి దగ్గరే ఉంటున్నాడు. ఆమె నాకు వదిన. కుట్టుపని నేర్పే టీచరుగా చేసి రిటైరైంది. ప్రతి గురువారం మధ్యాహ్నం భోంచేసి, కాగితాల కట్ట సంచీలో పెట్టుకుని తొండియార్‌పేట బస్సెక్కేదాన్ని.

హౌసింగ్ బోర్డు ఇల్లు, రెండో అంతస్తు. మెట్ల మీద రంగు రంగుల ప్లాస్టిక్ బిందెలు, కిటికీ తీస్తే ఎన్నూరు వైపు పోయే కంటైనర్ లారీల రొద. లారీ పోయినప్పుడల్లా నేను చదవడం ఆపాలి, పోయాక మళ్ళీ వాక్యం మొదటి నుంచి ఎత్తుకోవాలి. మామయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. నిద్రపోయాడనుకుంటే పొరపాటే. మొదటి గురువారమే నా గాలి తీసేశాడు. ఒక భీకరమైన యుద్ధ సన్నివేశాన్ని నేను కుండపోత వానలో పెట్టాను. ఉరుములకూ ఫిరంగులకూ తేడా తెలియడం లేదని రాసి, ఆ వాక్యానికి నాకు నేనే మురిసిపోయాను.

"రంగూన్లో ఆ నెలల్లో చుక్క వాన పడదు అమ్మణ్ణీ" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "దుమ్ము. ఆడ యుద్ధమంటే సగం దుమ్మే."

వాన తీసేశాను. ఉరుములతో పాటు నా మంచి వాక్యమూ పోయింది. మరుసటి వారం, నలభై పేజీలైనా నా సిపాయి ఒక్క ముద్ద కూడా తినలేదని ఎత్తి చూపాడు. ఆ పై వారం, తుపాకీ బరువుకు భుజం ఎక్కడ ఒరుసుకుపోతుందో తన భుజం మీద చూపించాడు. సిపాయిలు నగరంలోనే కాపురాలు ఉంటూ, పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టించుకుని సిటీ బస్సులో యుద్ధానికి పోయి, బతికుంటే సాయంత్రం అదే బస్సులో ఇంటికొచ్చేవాళ్ళని చెప్పింది కూడా అప్పుడే. యుద్ధం అంత దగ్గరికొచ్చేసింది మరి. ఆడవాళ్ళు చెంపలకు గంధంలా బెరడు అరగదీసిన థనకా రాసుకుని బజారుకు పోయేవాళ్ళట, అదే బస్సులో వెనక సీట్లలో తుపాకులు పట్టుకుని వీళ్ళట. ఇదంతా ఏ లైబ్రరీలోనూ నాకు దొరకలేదు. నేను పండగ చేసుకున్నాను. ఆయన చెప్పిందల్లా మార్చుకుంటూ పోయాను. చివరికి ఆయన కథలోని అసలు ఘట్టానికి వచ్చాను. జతగాడికి గుండు తగలడం, మోసుకుని పరుగెత్తడం, ఒళ్ళో ప్రాణం పోవడం. ఆ అధ్యాయం మీద మూడు వారాలు పనిచేశాను.

చదవడం అయిపోయింది. మామయ్య ఒక్క తప్పూ పట్టలేదు. మెచ్చుకోలేదు కూడా. వదిన టీ తెస్తే తాగకుండా పక్కన పెట్టేశాడు. ఆ కాలమంతా గుర్తొచ్చి బాధపడుతున్నాడేమోననుకుని నేను లేచి వచ్చేశాను. తర్వాతి గురువారం నేను వెళ్ళేసరికి వదిన ఇంట్లో లేదు, రేషన్ షాపుకు పోయింది. సంచీలోంచి కాగితాలు తీయబోతుంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను ఆడికి పోలా అమ్మణ్ణీ" అన్నాడు.

ఎక్కడికి అని అడిగాను.

"యుద్ధానికి. నాలుగు దినాలు పొయ్యినా. ఐదో దినం బస్సులోనించి దిగేసినా. చివరి స్టాపుకి ముందు స్టాపులో."

నేను కూర్చున్న కుర్చీలోనే సర్దుకుని కూర్చున్నాను. ఆయన చెప్పుకొచ్చాడు. నాలుగు రోజులూ ఒక గోడ వెనక పడుకుని ఎదురుగా ఉన్న ఇంకో గోడను కాల్చాడట. నాలుగో రోజు సాయంత్రం ఆ గోడ దాకా పోయి చూస్తే అక్కడొక కరెన్ కుర్రాడు పడి ఉన్నాడు. ఈయన వయసే. ఒంటి మీది చొక్కా మిషన్ బడిది, ఈయన చదివిన బడిదే. జేబు మీద ఆ బడి గుర్తు ఉంది. అదెవరు కాల్చిన గుండో తెలియదు. మర్నాడు పొద్దున బస్సులో మామయ్య కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి, ఎంత పట్టుకున్నా ఆగలేదు. కిటికీ పక్కన కూర్చున్న జతగాడు చూశాడు. "దిగేస్తావా? దిగు. అడిగితే జరమని చెబుతా" అన్నాడట. అప్పటికే బస్సు కదిలిపోతోంది. మామయ్య దూకాడు. రైలు పట్టాల పక్క కంకర మీద పడి, ఎడమ కాలి ముందు భాగం ఎముక దాకా గీసుకుపోయింది. తలెత్తి చూస్తే జతగాడు కిటికీలోంచి తల బయటపెట్టి, ఈయన పడ్డ తీరు చూసి నవ్వుతున్నాడు.

"వాడు నవ్వతానే పొయ్యినాడు" అన్నాడు మామయ్య. "నేను చూసింది ఆడిదాకానే."

ఆ పట్టాల పక్కనే రైల్వేలో పనిచేసే ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళు ఈయన్ని లోపలికి తీసుకుపోయి కాలు కడిగి కట్టు కట్టారు. ఎలా తగిలిందని అడిగితే తుపాకీ గుండని చెప్పాడు. పారిపోయి వచ్చానని చెప్పుకోలేని వయసు. ఆ సాయంత్రమే జతగాడున్న చోట గుండ్లు పడ్డాయి. కొందరు తిరిగి రాలేదు, అందులో అతనొకడు. ఆ గందరగోళంలో ఎవడు దిగాడో ఎవడు పోయాడో అడిగే నాథుడు లేడు. వారం తర్వాత మామయ్య కుంటుకుంటూ తన సందులోకి పోయేసరికి జతగాడి తల్లి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"నా కొడుకు ఎట్టా పొయ్యినాడు, నువ్వు పక్కనే ఉన్నావు గదా అని అడగతా ఉండాది ఆయమ్మ. నేను ఆడ లేనని ఎట్టా చెప్పేది? మోసుకొచ్చినానని చెప్పినా. నొప్పి తెలీలేదని చెప్పినా. నీ పేరే పిలిచినాడని చెప్పినా. కాలు చూపించినా. ఆయమ్మ ఆ పొద్దు అన్నం తినింది." లుంగీ సర్దుకున్నాడు. "ఇంక దాన్ని మార్చేదానికి లేకుండా పోయింది."

అలా మా వంశంలో మొదటి చారిత్రక కథకుడు మా మామయ్యే అయ్యాడు. నాకంటే అరవై ఏళ్ళ ముందు, ఒక్కగానొక్క శ్రోత కోసం, నిలబడ్డ చోట నిలబడి కథ కట్టాడు. నేను మూడు వారాలు చెక్కిన అధ్యాయం ఆయన ఒక్క నిమిషంలో అల్లినదానికి నకలు. కానీ ఆ మధ్యాహ్నం ఆయన్ని కుదిపింది ఇదంతా కాదు. ఆ రైల్వే వాళ్ళ కూతురినే రెండేళ్ళ తర్వాత ఆయన పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడే మా అత్తయ్య. "మీ అత్తకి కూడా చెప్పలా. యాభై ఏళ్ళకి పైన కాపరం చేసినా. చలికాలం వస్తే ఈ కాలికి నూనె రాసేది. చెప్పలా" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. కింద లారీ పోయింది. అది పోయాక, "నన్ను ఆ స్టాపులో దించెయ్. వాణ్ణి రాయి. బస్సు ముందుకు పోయింది గదా, నువ్వు దానెంట పో" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు కలిగిన మొదటి భావం దయ అని చెప్పుకోవాలని ఉంది గానీ, అది చిరాకు. రెండు వందల పేజీలు మట్టిపాలయ్యాయి. మింట్ స్టాపు దాటేసరికి చిరాకు పోయి సంతోషం వచ్చింది. ఇప్పుడు నా చేతిలో నిజంగా ఒక నవల ఉందని తెలిసిపోయింది. రాసేవాళ్ళకు సిగ్గు కాస్త తక్కువే. చూలైలో దిగేటప్పుడు మాత్రం వదిన గుర్తొచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ, "మా నాయన గుండు దెబ్బ తిన్న మనిషి" అని చెప్పుకునే మనిషి ఆమె. ఆమె మనవలు ముత్తాత గురించి బడిలో అరవంలో వ్యాసం కూడా రాశారు. ఈ నవల అచ్చయితే ఆమె మొహం ఎలా చూడాలి? వారమంతా ఒక్క వాక్యం రాయలేదు. గురువారం నాడు ఉట్టి చేతులతోనే వెళ్ళాను. మామయ్యతో మెల్లగా, పేర్లు మార్చేస్తాను, ఊరు మార్చేస్తాను, ఎవరికీ తెలియనివ్వను అన్నాను. ఆయన వినలేదు. వదినను పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు. నేను లేవబోతే నన్నూ కూర్చోమన్నాడు. నాకు చెప్పినదంతా, ఏదీ వదలకుండా, ఎక్కడా తనను వెనకేసుకు రాకుండా కూతురికి చెప్పాడు.

ఆయన చెప్పడం అయిపోయాక వదిన చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"గుండు దెబ్బలో కంకర ఎట్టొస్తుంది నాయనా?" అంది. "ఆ కాలు కడిగింది మాయమ్మే గదా. పిన్నీసుతో ఏరి తీసింది. పదకొండు రాళ్ళంట."

మామయ్య తలెత్తి ఆమెకేసి చూశాడు.

"నేను బడికి పొయ్యేటప్పుడే చెప్పింది. ఈ బిడ్డ బతకను వచ్చినాడు, ఏమీ అడగొద్దు, బతకనీండి అని మా అవ్వ అన్నిందంట. అప్పురం ఇంక మాయమ్మ ఎప్పుడూ అడగలా. చెప్పబుద్ధయినప్పుడు ఆయనే చెబుతాడులే అనేది."

మరి వచ్చినవాళ్ళందరికీ గుండు దెబ్బని ఎందుకు చెప్పావని నేనడిగాను. నాయన కట్టుకున్న కథ కదా, అది మేము నమ్మితేనే ఆయనకు సంతోషమనుకున్నాము అంది. నిజానికి ఆ ఇంట్లో ఆ కథ ఎవరికీ అక్కర్లేదు. అత్తయ్య ఆయన కోసం మోసింది, ఆయన అత్తయ్య కోసం మోశాడు, ఇద్దరి కోసం కూతురు మోసింది. మామయ్య వంగి లుంగీ కాస్త పైకెత్తి, ఆ మచ్చను మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"పదకొండా?" అన్నాడు. "అన్ని లేవు."

వదిన నవ్వింది. ఆయనా నవ్వబోయాడు గానీ కళ్ళలోంచి నీళ్ళు వచ్చేశాయి. తుడుచుకోలేదు. కారినంతసేపు కారనిచ్చాడు. వదిన లేచి వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చుని, వాళ్ళమ్మ రాసినట్టే, ఉట్టి అరచేత్తో ఆ కాలు రాస్తూ ఉండిపోయింది. నేను ఎటు చూడాలో తెలియక కిటికీ బయటికి చూశాను.

ఆ తర్వాత నవల ఐదు నెలల్లో అయిపోయింది. మొదటి భాగంలో హీరో అనుకున్నవాణ్ణి ఎనభయ్యో పేజీలో బస్సులోంచి దించేశాను. అక్కణ్ణించి కిటికీ పక్కన కూర్చున్నవాడి వెంట పోయాను. దానికి సాక్షులు లేరు, మ్యాపులు చాలవు, అడిగి తెలుసుకునేందుకు ఎవరూ మిగల్లేదు. చరిత్ర చేతులెత్తేసిన చోటే నాలాంటివాళ్ళకు పని మొదలవుతుందని నాకు అప్పుడు తెలిసింది. భయపడకుండా రాశాను. ఆ కుర్రాడు దిగిన స్టాపు రాశాను, నడిచిన దారి రాశాను, బస్సులోంచి దూకినవాడు కింద పడ్డ తీరును పక్కవాళ్ళకు చెప్పి మళ్ళీ నవ్వడం రాశాను. మామయ్య అడిగితే అతన్ని బతికించాల్సి వస్తుందేమోనని మాత్రం లోపల గుబులుగా ఉండేది. బతికించకూడదు. బతకలేదు కాబట్టి. నేను ఎన్నయినా కల్పిస్తాను గానీ ఆ తల్లికి జరిగినదాన్ని జరగలేదని రాయలేను. చివరి అధ్యాయం చదివిన రోజు మామయ్య ఆ మాట అడగలేదు. బస్సు కదిలిన దగ్గర నుంచి మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. వదిన కూరగాయలు తరుగుతూ వింటోంది. కళ్ళు మూసుకునే విన్నాడు. ఎక్కడా చెయ్యి ఎత్తలేదు, ఆపలేదు, సరిదిద్దలేదు.

తప్పులేమీ లేవా మామా అని అడిగాను.

"నాకేం తెలుసు?" అన్నాడు. "నేను ఆడ లేను గదా."

కూతురు వింటుండగా, పక్కింటివాళ్ళ తలుపు తెరిచే ఉండగా, మామూలు గొంతుతో, ఎంతైందని అడిగితే నాలుగైందని చెప్పినంత తేలిగ్గా అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక వదిన వైపు తిరిగి, ఆకలేస్తోంది, ఏమైనా పెట్టమన్నాడు. పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆయన లేడు. మొదటి ప్రతి వదినకిస్తే దండేసి ఉన్న ఫోటో ముందు పెట్టకుండా తన కళ్ళజోడు వెతుక్కుని చదవడానికి కూర్చుంది. చరిత్ర పుస్తకాల్లో ఇన్సేన్ యుద్ధం కొన్ని నెలల్లోనే ముగిసిపోయినట్టు ఉంటుంది. ఒక్కొక్క మనిషిలో అది ముగియడానికి ఎంత కాలం పడుతుందో వాటిలో ఉండదు. మా మామయ్యకు అరవై ఏళ్ళు పట్టింది. అయితే అది ఆయన ఉండగానే ముగిసింది, ఆ తర్వాత కూడా ఆయనకు కొన్ని నెలలు మిగిలాయి.